కింది అంచు

బొమ్మని అందరూ ఎదురుగా నిలబడి చూస్తారు. అంచులమ్మ మాత్రం పక్కకి వెళ్ళి, ఒక కన్ను మూసుకుని చూస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ పని అదే మరి. పాత బొమ్మలు బాగుచేసే ఆ వర్క్‌షాపులో చిరుగులు అతికేవాళ్ళు వేరు, మసి తుడిచేవాళ్ళు వేరు, వార్నీషు పూసేవాళ్ళు వేరు. అంచులు వేసేది ఆవిడ. కాన్వాసు గుడ్డని కర్రచట్రం మీదికి లాగి మేకులు కొట్టాక నాలుగు పక్కలా రెండు వేళ్ళ మందాన గుడ్డ కనబడుతుంది చూడండి, ఆ భాగం. ఫ్రేము ఉన్నన్నాళ్ళూ దాని మొహం ఎవరూ చూడరు. ఫ్రేము లేకుండా గోడకి తగిలించారో, గుమ్మంలోంచి వచ్చే ప్రతివాడి కంట్లోనూ ముందు పడేది అదే.

"ఎవరూ చూడని చోట ఇంత సోకెందుకే?" అని వెక్కిరించేవాడు ఫ్రేముల బాబాయి. చట్రాలూ ఫ్రేములూ ఆయన చేసేవాడు, ఆవిడ బల్లకి ఎదురుబల్ల ఆయనది. సొంత బాబాయేం కాదు, పాతికేళ్ళ పక్కపక్క కొలువు వల్ల అయిన బాబాయి.

"కొత్త చొక్కా తొడుక్కుని మెడ కడుక్కోకపోతే ఎలా ఉంటుంది బాబాయ్? అలా ఉంటుంది," అనేది అంచులమ్మ.

"నా మెడ జోలికెందుకులే," అని ఆయన సుత్తి అందుకునేవాడు.

పనిలో ఆవిడకి వంక పెట్టిన మగాడు లేడు, ఆడదీ లేదు. రంగు గడ్డ కట్టిన చోట బ్లేడుతో గీకేది, గరుకుకాగితంతో రుద్దేది, అరచేత్తో తడిమి చూసేది, మళ్ళీ రుద్దేది. పాతదాని ఆనవాలు వేలికి తగలనంత వరకూ రంగు డబ్బా మూత తియ్యదు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పోస్టుమాన్ కూడా "అంచులమ్మ ఉందా?" అనే అడుగుతాడు.

ఒక సోమవారం పొద్దున ఓడల కంపెనీవాళ్ళ వ్యాను వచ్చి ఆరడుగుల బొమ్మ ఒకటి దించింది. వాళ్ళ ఆఫీసు హాల్లో నలభై రెండేళ్ళు వేలాడిన బొమ్మ. ఫ్రేముకి చెద పట్టింది. ఫ్రేము తీసేసి, మసి తుడిచి, కొత్తగా బిగించి, అంచులు వేసి ఇవ్వమని చీటీ. బాబాయి దుప్పటి తీశాడు. అంచులమ్మ చేతిలో టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

వానలో ఫ్యాక్టరీ గేటు. గేటులోంచి బయటికొస్తున్న జనం, అందరి చేతుల్లోనూ గొడుగులు. మధ్యలో గొడుగు లేని మనిషి ఒకడు, టిఫిన్ డబ్బా మూత నెత్తిన పెట్టుకుని, అదేదో కిరీటమైనట్టు నవ్వుతూ నడుస్తున్నాడు. కింద మూల పెద్దమాస్టారి సంతకం.

ఈ బొమ్మని ఆవిడ ఎన్నడూ చూసింది లేదు. కానీ దీని కథ వినీ వినీ పెరిగింది. వాళ్ళ నాన్న పదిహేనేళ్ళు పెద్దమాస్టారి దగ్గర పనిచేశాడు. అక్కడి పద్ధతే అంత: శిష్యులు వేసేది, గురువు సంతకం పెట్టేది. సొమ్మొకడిది సోకొకడిది. మిగతావాటిలో తలా ఓ చెయ్యి వేశారు గానీ, ఈ గొడుగుల బొమ్మ మొదటి గీత నుంచి చివరి చుక్క దాకా నాన్న ఒక్కడే వేశాడు. ఆ రెండు నెలలూ పెద్దమాస్టారు జ్వరంతో మంచం దిగలేదు. "సంతకం పెట్టడానికి మాత్రం జ్వరం అడ్డం రాలేదే ఆయనకి!" అనేవాడు నాన్న. తర్వాత పెద్దమాస్టారు పేరు మోగిపోయింది, ఆయన పోయాడు, ఇంకా మోగింది. నాన్న బయటికొచ్చి దుకాణాల బోర్డులు రాసుకుంటూ బతికాడు. చివరికి నీటికాసులొచ్చి రెండు కళ్ళూ పోయాయి. బొమ్మ తనదని చెప్పినప్పుడల్లా జనం నవ్వారు. చచ్చిన గురువు ఆస్తికి ఎసరు పెడుతున్నాడన్నారు. అమ్మ పోయేముందు కూడా "ఆ గొడుగులు ఇక ముయ్యండి మహానుభావా" అనే పోయింది. నమ్మింది ఒక్క కూతురు.

ఇప్పుడేమో మ్యూజియంవాళ్ళు పెద్దమాస్టారి బొమ్మలన్నిటికీ పట్టిక అచ్చు వేయిస్తున్నారు. ఏది ఆయన చెయ్యి, ఏది శిష్యుల చెయ్యి అని తేల్చి, శిష్యులదని రుజువైతే వాళ్ళ పేరే వేస్తారట. నెలాఖరుకి అచ్చుకి వెళ్ళిపోతుంది. నాన్నకి ఎనభై ఒకటి. మళ్ళీ ఇలాంటి పట్టిక వచ్చేసరికి ఆయన ఉండడు, అది తెలిసిన సంగతే. ఆయన బతికుండగా ఆ పేరు ఆ బొమ్మ కింద ఒక్కసారి పడాలి. అంచులమ్మకి ఈ లోకంలో ఇంకేం అక్కర్లేకపోయింది.

మ్యూజియానికి ఫోన్ చేసింది. పట్టిక చూస్తున్న మేడమ్ లైన్లోకొచ్చింది.

"సంతకం పెద్దమాస్టారిదే కదండీ?"

"ఆయనదేనండీ. వేసింది మాత్రం మా నాన్న."

"అలా చెప్పేవాళ్ళు నాకు వారానికిద్దరు తగులుతారు," అంది మేడమ్ విసుగ్గా. అయినా నాన్న పేరడిగింది. పేరు చెప్పాక అవతల కాసేపు కాగితాల చప్పుడు. గొంతు మారింది. "గురువారం వస్తాను. ఫ్రేము ఊడదీసి ఉంచండి. నేను దాన్ని ఫ్రేము లేకుండా చూడాలి."

ఇక్కడే కొంప మునిగింది. ఇంకెవరైనా అయితే ఎందుకండీ అని అడిగేవాళ్ళు. ఏ బట్టల కొట్టులో పనిచేసేదో అయితే ఫ్రేము తీసి, గోడకి ఆనించి, చేతులు కట్టుకుని కూర్చునేది, పేరూ నిలబడేది. మన మనిషికి అడగాల్సిన అవసరం కనబడలేదు. ఫ్రేము లేకుండా చూస్తారంటే అంచులు చూస్తారన్నమాట. అంచులు చూస్తారంటే అవి ముచ్చటగా ఉండాలన్నమాట. ముప్ఫై ఏళ్ళుగా ఊరందరి బొమ్మలకీ చేసిన పని సొంత నాన్న బొమ్మకి చెయ్యకుండా చూపిస్తుందా? చీటీలో కూడా ఆ మాటే ఉందాయె.

ఆ మధ్యాహ్నమే బాబాయి ఫ్రేము ఊడగొట్టాడు. పై అంచూ పక్క అంచులూ ఫరవాలేదు, గుడ్డ కాస్త పచ్చబడింది, అంతే. కింది అంచు చూసి ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. ఎడమ నుంచి కుడి దాకా రంగుల గడ్డలు. బూడిద, నీలం, మళ్ళీ ఇంకో బూడిద, మసి నలుపు, ఇటుక ఎరుపు, ఆ చివర ఎక్కడో ఒక్క పసుపు. బొటనవేలంత మేర ఒక్కొక్కటి, ఒకదాని పక్కన ఒకటి.

"ఏంటి నాన్నా ఇది! బ్రష్షు తుడుచుకోడానికి గుడ్డపేలిక దొరకలేదా నీకు?" అని పైకే అంది. ఆ అనడంలో ఎంత ముద్దుందో చెప్పలేను. ఆయన పడుచునాటి చొక్కా మీది మరక చూసినట్టే అనిపించింది ఆవిడకి.

"మహానుభావుడు! సగం రంగు ఇక్కడే పోశాడు," అన్నాడు బాబాయి.

ముందు బ్లేడుతో గడ్డలు గీకింది. గట్టిపడిన పాత నూనెరంగు, పెంకులు పెంకులుగా లేచింది. మొరటు గరుకుకాగితం, దాని తర్వాత మెత్తది, ఆ తర్వాత ఇంకా మెత్తది. బుసబుసా లేచిన రంగుపొడి తడిగుడ్డతో తుడిచింది. మరక గుడ్డ నూలులోకి దిగిన చోట అది పోయేదాకా రుద్దింది. మంగళవారం ప్రైమరు రెండు పూతలు, పూతకీ పూతకీ మధ్య మళ్ళీ రుద్దుడు. బుధవారం పొద్దున బొమ్మలోని వాన రంగు చూసి, అదే బూడిద కలిపి, నాలుగు పక్కలా రెండు పూతలు వేసింది. రంగు బొమ్మ మీదికి పాకకుండా అంటించిన టేపు మధ్యాహ్నం లాగింది. అంచూ బొమ్మా కలిసిన గీత దారం పట్టి కొట్టినట్టు వచ్చింది. అంతమంచి అంచు తను జన్మలో వెయ్యలేదని ఆవిడకే అనిపించింది.

బాబాయి చుట్టూ తిరిగి చూశాడు. "ఈసారి నేను నోరెత్తను," అన్నాడు.

ఆ రోజు ఆవిడ పెందలాడే ఇల్లు చేరింది. మూడో అంతస్తులో రెండు గదులు, ఉండేది తండ్రీ కూతురూ ఇద్దరే. బొమ్మ దొరికిందనీ, రేపు మ్యూజియం మేడమ్ చూడ్డానికి వస్తుందనీ, మూడు రోజులుగా కడుపులో దాచుకున్న మాట గుమ్మంలోంచే చెప్పేసింది.

నాన్న లేవబోయి మంచం కోడుకి మోకాలు కొట్టుకున్నాడు. "నిజంగా? డబ్బా మూత వాడున్నాడా?"

"ఉన్నాడు నాన్నా. నవ్వుతున్నాడు."

"మరే! వాడు నవ్వుతాడు. పెద్దమాస్టారు సంతకం పెట్టేటప్పుడు చూసి, వానలో తడిసేవాడు నవ్వుతాడట్రా వెధవా అన్నారు. నేను తియ్యలేదు." ఆయన ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. కాసేపటికి మొహం తుడుచుకుని, "రేపు ఆవిడకేం చెప్తావ్?" అన్నాడు.

"నువ్వు వేశావని."

"అలా చెబితే ఎవరు నమ్ముతారే పిచ్చిదానా! నలభై రెండేళ్ళు చెప్పి నేనేం బావుకున్నాను? కింది అంచు చూడమను." ఆయన చేతులు గాల్లో ఎడమ నుంచి కుడికి కదిలాయి. "ఏ రంగైనా బొమ్మ మీద పెట్టేముందు నేను కింది అంచు మీద పెట్టి చూసుకునేవాణ్ణి. వరసగా. ఏది ముందు కలిపానో అది ముందు. ఆ అలవాటుకి పెద్దమాస్టారి చేత ఎన్ని మొట్టికాయలు తిన్నానో! ఆయన రంగులు కలుపుకునే పళ్ళెంలో తప్ప ఎక్కడా చుక్క పడనిచ్చేవారు కాదు, ఎవరినీ పెట్టనిచ్చేవారు కాదు. ఈ ఒక్క బొమ్మకే ఆయన మంచంలో ఉన్నారు కాబట్టి నా ఇష్టం వచ్చినట్టు పెట్టుకున్నా. ఆఖర్న ఒక్క పసుపు ఉంటుంది చూడు, అది డబ్బా మూత మీది మెరుపు. నేను అబద్ధం చెప్పినా అది చెప్పదు."

"ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదేం నాన్నా?" అంది అంచులమ్మ ఎలాగో.

"ఎవరికి చెప్పను? ఆ ఫ్రేము ఊడదీసి చూసే నాథుడెవడు? నవ్వేవాళ్ళకి నవ్వుకోడానికి ఇంకోటి ఇవ్వడమెందుకని ఊరుకున్నా. ఏంటే, మాట్లాడవు?"

"ఏం లేదు నాన్నా. టీ పెడతాను."

చెప్పాలి. అప్పుడే చెప్పాలి. స్టవ్వు దగ్గర నిలబడి నాలుగుసార్లు నోరు తెరిచింది. రేపు మేడమ్ ఇంకేదో దారి చూపిస్తుందేమో, రంగు కింద ఉన్నది చూపించే లైట్లేవో ఉంటాయటగా, అప్పుడు మెల్లగా చెప్పొచ్చు అనుకుంది. టీ పొంగి స్టవ్వంతా పాడైంది. గదిలో నాన్న ఈల వేస్తున్నాడు. ఆయన ఈల విని ఎన్నేళ్ళయిందో ఆవిడకి గుర్తులేదు.

గురువారం పదింటికి మేడమ్ వచ్చింది. బొమ్మ ముందువైపు సరిగ్గా చూడనేలేదు. సంచీలోంచి రెండు ఫొటోలు తీసి బల్లమీద పెట్టింది. "ఇవి మీ నాన్నగారివి. కుర్రతనంలో పోటీకి పంపినవి, సంతకాలున్నాయి, మా గిడ్డంగిలో పడున్నాయి. కింది అంచులు చూడండి." రెంటిమీదా రంగుల గుర్తులు, బొటనవేలంత మేర ఒక్కొక్కటి, ఒకదాని పక్కన ఒకటి. "పెద్దమాస్టారి బొమ్మల్లో ఎక్కడా ఇవి లేవు. అందుకే ఫ్రేము తీసి చూస్తానన్నాను. దీనికీ ఉంటే ఇక మాటే లేదు, పట్టికలో ఆయన పేరు వెయ్యమని నేనే సంతకం పెడతాను."

అని వంగి కింది అంచు చూసింది. లేచి అంచులమ్మ మొహం చూసింది.

"ఎప్పుడు వేశారిది?"

"నిన్ననే పూర్తిచేశాను. మూడు రోజులు పట్టిందండీ."

మేడమ్ భూతద్దం తీసింది, చిన్న లైటు తీసింది. ఆ చివర నుంచి ఈ చివరకి, మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివరకి. అర్ధగంట. మూలలో వేలిగోరంత కొత్త రంగూ ప్రైమరూ కరిగించి కింద ఏముందో చూసింది. ఉన్నది గుడ్డ. కొత్త గుడ్డలా తెల్లగా ఉంది.

"మామూలుగా పైపైన రంగు పూసేస్తారు కదండీ అందరూ. అలా పూసినా కింద దొరికేది."

"నేనలా చెయ్యనండీ," అంది అంచులమ్మ. ఆ మాట అనేసి తన నోరు తనే నొక్కుకుంది.

"ఊడదీసినప్పుడు ఫొటో తీశారా?"

"ముందువైపు తీశాం."

"అయ్యో!"

"నేను చూశానండీ ఆ గుర్తులు. నా కళ్ళతో చూశాను. ఏ రంగు తర్వాత ఏ రంగో చెప్తాను, బాబాయీ చూశాడు, కావాలంటే రాసిస్తాం."

మేడమ్ మంచిదే. ఆవిడ మీద కోపం తెచ్చుకోడానికి కూడా లేదు. "మీరు చెప్పేది నేను నమ్ముతున్నాను. కానీ ఆయన కూతురు, ఆ గుర్తులు చెరిపేసిన మనిషీ ఒకరే అయితే, ఆ మాట ఏ కమిటీ ముందు నిలబడుతుందో మీరే చెప్పండి," అంది. "ఎందుకు చూడాలో ఫోన్లోనే చెప్పాల్సింది. నాదీ తప్పే." ఫొటోలు సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

నాన్నకి ఆ సాయంత్రం ఏమీ చెప్పలేకపోయింది. మేడమ్ చూసి వెళ్ళిందనీ, కబురు చేస్తానందనీ గొణిగింది. ఆయన రెట్టించి అడగలేదు. "శనివారం దాన్ని తిరిగి ఇచ్చేస్తారటగా, ఒక్కసారి ఇటు తెప్పించు. ఒక్కసారి చేత్తో చూస్తాను," అన్నాడు. వద్దనడానికి ఆవిడకి ఏ వంకా దొరకలేదు.

వర్క్‌షాపు ఓనరుని బతిమాలి పది నిమిషాలు అడిగింది. శనివారం వ్యాను ఇంటిముందు ఆగింది. ఆరడుగుల బొమ్మని మూడంతస్తులు ఎక్కించేసరికి ఫ్రేముల బాబాయికి దేవుడు కనబడ్డాడు. "అన్నయ్యా, నీ బొమ్మ నీలాగే బరువు, నీలాగే మలుపు తిరగదు," అని ఆయాసపడుతూ గోడకి ఆనించాడు.

నాన్న ఉతికిన చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. వంగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బొమ్మ మొహం మీద అరచెయ్యి ఆనించాడు గానీ, అక్కడ తెలిసేదేం లేదు, ఆ రోజుల్లో అందరిచేతా పలచగానే వేయించేవారు పెద్దమాస్టారు. చెయ్యి కిందికి జారింది. బొటనవేలు కింది అంచు ఎడమ మూలన పెట్టి మెల్లగా కుడికి జరిపాడు. చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ మొదటికొచ్చాడు. మూడోసారి సగంలోనే చెయ్యి తీసేశాడు.

"ఇది నాది కాదమ్మా."

"నీదే నాన్నా."

"మార్చేశారేమో. ఇంకోటి చేయించి పెట్టారేమో."

"ఎవరూ మార్చలేదన్నయ్యా. వ్యానులోంచి దించింది నేనే," అన్నాడు బాబాయి.

అప్పుడిక ఆగలేకపోయింది అంచులమ్మ. ఆయన పక్కన కూలబడి రెండు చేతులూ పట్టుకుంది. "నేనే రుద్దేశాను నాన్నా. మేడమ్ వస్తుందని, బాగా కనబడాలని. నీ రంగులన్నీ ఉండేవి, బూడిద, నీలం, ఆఖర్న పసుపు కూడా ఉండేది. మురికనుకున్నాను. నేనే గీకేశాను నాన్నా, నా చేతులు పడిపోను!"

నాన్న ఆవిడ చేతులు విడిపించుకుని తల నిమిరాడు.

"నన్ను ఓదార్చడానికి నీ మీద వేసుకోకు తల్లీ. ముప్ఫై ఏళ్ళు అంచులు చూసినదానివి, నా రంగులు కళ్ళెదుట ఉంటే చెరిపేస్తావా? అంత తెలివితక్కువదానివా నువ్వు?"

"నిజం నాన్నా!"

"నిజమైతే బుధవారం నేను చెప్పినప్పుడే లబోదిబోమనేదానివి కదా. టీ పెడతానని వెళ్ళావు. పసుపు సంగతి నేను చెబితేనే కదా నీకు తెలిసింది."

"లేదన్నయ్యా, నేను చూశాను, అమ్మాయి రుద్దుతుంటే నేను పక్కనే..."

"నువ్వూ మొదలెట్టావా? ఇద్దరూ మెట్ల మీద కూడబలుక్కొచ్చారా?" ఆయన గోడ పట్టుకుని లేచాడు. కోపం లేదు. అదీ ఉంటే బాగుండేది. "నేను వేసుంటే వేలికి తెలియదూ? నలభై రెండేళ్ళు ఏదో కలగని, ఆ కల మీ అమ్మ నెత్తిన రుద్దాను, నీ నెత్తిన రుద్దాను. పెద్దమాస్టారిదే అయ్యుంటుంది. తీసుకెళ్ళి ఇచ్చెయ్యండి."

బాబాయి బొమ్మ ఎత్తుకున్నాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో గొడుగుల బొమ్మ ఊసు లేదు. ఆవిడ ఎత్తితే ఆయన "పోనీలే" అనేవాడు. పెద్దమాస్టారు ఎంత గొప్పవాడో చెప్పడం మొదలుపెట్టాడు. తిన్న మొట్టికాయలు కూడా మంచికేనట. ఆవిడ ఇంకో రెండుసార్లు ఒట్టు పెట్టి చెప్పింది. రెండోసారి ఆయన చెవులు మూసుకున్నాడు.

మరుసటి నెల పట్టిక అచ్చై వచ్చింది. మేడమ్ ఒక కాపీ పోస్టులో పంపింది. గొడుగుల బొమ్మ నూట పన్నెండో పేజీలో ఉంది, కింద పెద్దమాస్టారి పేరుంది. ఆదివారం పొద్దున నాన్న కిటికీ దగ్గర కూర్చుని, "వచ్చిందటగా, చదువు," అన్నాడు.

అంచులమ్మ పేజీ తిప్పింది. బొమ్మ పేరు చదివి, కొలతలు చదివి, చివర పెద్దమాస్టారి పేరున్న చోట నాన్న పేరు చదివింది. ఇంటిపేరుతో సహా, నిదానంగా.

ఆయన నిటారుగా అయ్యాడు. ఆవిడ ఆయన మొహమే చూస్తోంది, ఒక్క నవ్వు కోసం.

"తప్పు పడింది," అన్నాడు నాన్న. "పాపం, నువ్వు పోరబట్టి వేసినట్టున్నారు. ఇతరుల కష్టం నాకెందుకే? ఫోన్ చెయ్యి. దిద్దుకోమను."

"నాన్నా..."

"ఇప్పుడే చెయ్యి. నా ఎదురుగా."

ఆవిడ ఫోను తీసి చెవికి పెట్టుకుంది. నంబరేం నొక్కలేదు. "హలో మేడమ్," అంది. "ఆ గొడుగుల బొమ్మ మా నాన్న వేసింది కాదండీ."

"గట్టిగా చెప్పు," అన్నాడు ఆయన. "వినబడలేదేమో."